జపాన్ పెట్టెకు జర్మన్ కన్ను: యుద్ధాల మధ్య కాలపు కెమెరాల్లో ఏ లెన్స్ ఉన్నది కొనాలి?

1920, 30 దశకాల్లో జపాన్‌లో తయారైన మడత కెమెరా ఒకటి కొందామని వెతకడం మొదలుపెట్టిన వారంలోపే తల తిరుగుతుంది. నల్లటి తోలు తొడుగు, ముందుకు తెరుచుకునే పలక, దాని మీద పట్టాల వెంట జరిగే తోలు తిత్తి, అన్నీ ఒక అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. తేడా అంతా ముందున్న లెన్స్ అంచు మీద చెక్కిన అక్షరాల్లో ఉంటుంది. ఒకదాని మీద కార్ల్ జైస్ యేనా, ఇంకొకదాని మీద ష్నైడర్ క్రాయిత్స్‌నాఖ్, మరొకదాని మీద రోడెన్‌స్టాక్ మ్యూనిక్. పెట్టె టోక్యోదో ఒసాకాదో, కన్ను మాత్రం జర్మనీది. ధర కూడా ఆ కన్నును బట్టే మారుతుంది.

ఇలా ఎందుకు జరిగిందో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. కెమెరా పెట్టెను మంచి వడ్రంగి, లోహపు పనివాడు కలిసి చేయగలరు. లెన్స్‌కు కావలసిన స్వచ్ఛమైన గాజును కరిగించి, రోజుల తరబడి నెమ్మదిగా చల్లార్చి, దాన్ని మైక్రాన్ల లెక్కన అరగదీయడం వేరే విద్య. సెకనులో వందో వంతు కాలం తెరుచుకుని మూసుకునే షట్టర్‌లోని పళ్ల చక్రాలు అంతకంటే కష్టం. అందుకే జపాన్ తయారీదారులు చాలా ఏళ్లపాటు లెన్స్‌ను, షట్టర్‌ను ఒక జతగా జర్మనీ నుంచి తెప్పించి తమ పెట్టెకు బిగించేవారు. 1931 డిసెంబరులో జపాన్ బంగారు ప్రమాణాన్ని వదిలేశాక యెన్ విలువ పడిపోయి ఆ జతలు ఖరీదయ్యాయి. 1937లో చైనాతో యుద్ధం మొదలయ్యాక దిగుమతులకు ఆంక్షలు వచ్చాయి. ఈ జర్మన్ జోడీలు ఎక్కువగా కనిపించేది 1920ల నుంచి 1930ల నడిమి వరకే.

లెన్స్ పేరు కంటే ముందు చూడాల్సినవి

నా వరుస ఇది: ఫిల్ము, జత, గాజు స్థితి, ఆ తర్వాతే పేరు. చాలామంది సరిగ్గా దీన్ని తలకిందులు చేసి పేరుతో మొదలుపెడతారు.

ఫిల్ము సంగతి ముందు తేల్చుకోండి. ఆ కాలంలో జపాన్‌లో హ్యాండ్ కెమెరా అని పిలిచిన మడత కెమెరాల్లో ఎక్కువ భాగం ఫిల్ముకు బదులు వాడే గాజు పలకల కోసం చేసినవి. వాటిలో బాగా నడిచిన కొలత దైమేయిషి, అంటే 6.5×9 సెంటీమీటర్లు. దానికి పైన తెఫుదా, సుమారు 8×10.5 సెంటీమీటర్లు. 6.5×9 కొలతలో విడి షీట్ ఫిల్ము ఈనాటికీ కొన్ని చోట్ల దొరుకుతుంది, కానీ గాజు పలక మందంలో ఫిల్మును పట్టి ఉంచే పల్చటి రేకు తొడుగులు కావాలి. తెఫుదాకు ఫిల్మును చీకటిగదిలో కత్తిరించుకోవడమే దారి. ఇక చుట్టగా వచ్చే ఫిల్ము రీళ్లను కొలతను బట్టి అంకెలతో పిలుస్తారు. చిన్న కెమెరాలు వాడిన 127 రీలు అరుదు, ఖరీదు. 120 రీలు మాత్రం ఇప్పటికీ తయారవుతూనే ఉంది, మన నగరాల్లోనూ తెప్పించుకోవచ్చు. నెలకు రెండు రీళ్లయినా తీయాలనుకునేవారికి ఈ ఒక్క అంశమే సగం కెమెరాలను జాబితాలోంచి తీసేస్తుంది.

రెండోది జత. లెన్స్, షట్టర్ కలిసి వచ్చినవా, మధ్యలో ఎవరైనా మార్చారా? నా మొదటి కొనుగోలులో నేను తిన్న దెబ్బ ఇక్కడే. ముందు వలయం మీద జైస్ వారి పేరున్న లెన్స్ టెస్సార్ అని స్పష్టంగా ఉంది. ఇంటికి వచ్చాక కెమెరా వెనుక ఫోకస్ చూసుకునే గరుకు గాజు మీద బొమ్మ ఎంత జరిపినా పదునెక్కలేదు. విప్పి చూస్తే వెనుక సగం వేరే లెన్స్‌ది. అమ్మిన వ్యక్తికి కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు, తొంభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో. అప్పటినుంచి వెనుక కటకం ఫొటో చూడనిదే ఏదీ కొనలేదు.

మూడోది గాజు స్థితి. ఆనాటి లెన్స్‌లకు పూత లేదు. ప్రతిబింబాలను తగ్గించే పూతను జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా 1935లో రూపొందించినా, మామూలు కొనుగోలుదారు కెమెరాలకు అది యుద్ధం తర్వాతే చేరింది. పూత లేనప్పుడు గాలికి తగిలే ప్రతి గాజు ఉపరితలం దగ్గరా నాలుగైదు శాతం వెలుగు వెనక్కి పోతుంది. అలాంటి ఉపరితలాలు ఆరు ఉంటే దాదాపు నాలుగో వంతు వెలుగు దారి తప్పుతుంది. అందులో కొంత ఫిల్ము మీద పొగలా పరుచుకుని నలుపును బూడిదగా మారుస్తుంది. దానికి ఫంగస్ గానీ లోపలి మసక గానీ తోడైతే ఎంత గొప్ప పేరున్న లెన్స్ అయినా బొమ్మ పాలిపోతుంది. శుభ్రంగా ఉన్న మూడు కటకాల లెన్స్, మసకబారిన టెస్సార్ కంటే మంచి బొమ్మ ఇస్తుంది. ఈ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

ఒక్క చూపులో

| ఎంపిక | నిర్మాణం | బలం | జాగ్రత్త |
|---|---|---|---|
| జైస్ టెస్సార్ | 4 కటకాలు, 3 గుంపులు | అంచుల దాకా పదును | వెనుక అతుకు విడిపోవడం, పేరుకు కట్టే అదనపు ధర |
| రేడియోనార్, ట్రినార్, ట్రియోప్లాన్ | 3 విడి కటకాలు | అతుకు లేదు, శుభ్రం చేయడం తేలిక, చవక | పూర్తిగా తెరిస్తే మూలలు మెత్తబడతాయి |
| గోయెర్జ్ డాగోర్ | 6 కటకాలు, 2 గుంపులు | పూత లేకున్నా మంచి నలుపు తెలుపు | ఎఫ్ 6.8 మాత్రమే, అతుకులు ఎక్కువ |
| నిఫ్కాలెట్ | దిగుమతి లెన్స్, షట్టర్ | చరిత్ర | 127 రీలు |
| హెక్సార్, నిక్కోర్ | టెస్సార్ తరహా, జపాన్ తయారీ | జర్మన్ విద్యకు జపాన్ రూపం | జర్మన్ పేరు కోరేవారికి పనికిరాదు |

టెస్సార్ ఉన్న కెమెరా

పాల్ రుడాల్ఫ్ 1902లో జైస్ కోసం రూపొందించిన టెస్సార్ గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. ముందు రెండు విడి కటకాలు, వెనుక రెండింటిని బంకతో అతికించిన జంట. ఆ అతికించిన జంటే దాని పదునుకు మూలం, దాని వృద్ధాప్యానికీ మూలం. ఆ బంక కెనడా బాల్సమ్, చెట్టు జిగురు. వేడికీ కాలానికీ ఎండి అంచుల నుంచి విడిపోతే సబ్బు బుడగ మీది రంగుల్లాంటి మెరుపు కనిపిస్తుంది. అంచున గోరంత ఉంటే ఫొటోకు నష్టం లేదు. మధ్యకు పాకితే దాన్ని విడదీసి మళ్లీ అతికించే నిపుణుడు కావాలి, ఆ ఖర్చుతో ఇంకో కెమెరా వస్తుంది.

టెస్సార్‌ను కొనిషిరొకు వారి లిలీ లాంటి పలక కెమెరాల మీద వెతకండి. ఆ సంస్థ టోక్యోలో 1873లో మొదలైన ఔషధ, ఫొటో సరుకుల దుకాణం నుంచి ఎదిగింది. 1902లో రొకుఓషా అనే సొంత కర్మాగారం పెట్టుకుంది. లిలీని 1909 నుంచి ఎన్నో మార్పులతో అమ్మింది. ఒకే పెట్టెకు కొనేవాడి స్తోమతను బట్టి వేర్వేరు లెన్స్, షట్టర్ జతలు బిగించి ఇవ్వడం ఆనాటి పద్ధతి. అందుకని లిలీ అన్న పేరు చూసి లెన్స్‌ను ఊహించుకోకూడదు. అదే పేరుతో చాలా సాదా లెన్స్ ఉన్నదీ, టెస్సార్ ఉన్నదీ పక్కపక్కనే అమ్మకానికి కనిపిస్తాయి.

ఈ పలక కెమెరాల్లో టెస్సార్‌కు ఒక పెద్ద అనుకూలత ఉంది. ఫోకస్ కోసం మొత్తం లెన్స్ పట్టాల మీద ముందుకు వెనక్కు జరుగుతుంది. తర్వాతి కాలపు చవక రీలు కెమెరాల్లో ముందు కటకాన్ని మాత్రమే తిప్పి ఫోకస్ చేస్తారు, దానివల్ల కటకాల మధ్య దూరం మారి దగ్గరి బొమ్మల్లో పదును తగ్గుతుంది. పలక కెమెరా మీద టెస్సార్ తన పూర్తి సత్తా చూపిస్తుంది. గరుకు గాజు మీద తలకిందులైన బొమ్మలో ఆకుల ఈనెలు తేలడం ఒకసారి చూస్తే, ఆ శ్రమంతా ఎందుకో తెలుస్తుంది.

మూడు కటకాల లెన్స్‌లు: నా సొంత మొగ్గు

ష్నైడర్ రేడియోనార్, రోడెన్‌స్టాక్ ట్రినార్, గోర్లిట్జ్‌లోని హ్యూగో మేయర్ ట్రియోప్లాన్ మూడూ ఒకే కుటుంబం. మూడు విడి కటకాలు, మధ్యలో గాలి, ఎక్కడా అతుకు లేదు. సేకరించేవారి చర్చల్లో వీటిని రెండో తరగతి సరుకుగా చూస్తారు. తొంభై ఏళ్ల వయసులో ఆ తరగతులు తారుమారవుతాయని నా నమ్మకం. అతుకు లేనిచోట విడిపోవడానికి ఏమీ లేదు. ముందు భాగం, వెనుక భాగం మరలు తిప్పి తీసి, లోపలి మసకను మెత్తటి గుడ్డతో తుడుచుకోవచ్చు. టెస్సార్ పేరుకు కట్టే అదనపు సొమ్ము మిగులుతుంది.

నష్టం కూడా నిజమే. లెన్స్ ఎంత తెరుచుకుందో ఎఫ్ అంకె చెబుతుంది, అంకె పెరిగేకొద్దీ తెరుపు చిన్నదవుతుంది. ఎఫ్ 4.5 దగ్గర పూర్తిగా తెరిస్తే మధ్య భాగం బాగుంటుంది, మూలలు మెత్తబడతాయి. ఎఫ్ 8కి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది, ఎఫ్ 11 దగ్గర టెస్సార్ తీసినదానికీ దీనికీ తేడా చెప్పడం నాకు కష్టమే. 100 ఐఎస్ఓ ఫిల్ముతో మన మధ్యాహ్నపు ఎండలో సెకనులో వందో వంతుకు ఎఫ్ 16 సరిపోతుంది. అంటే బయట తీసే బొమ్మల్లో ఈ లెన్స్‌ను దాని బలహీనమైన చోట వాడాల్సిన అవసరమే రాదు. మనుషుల ముఖాలు తీసేవారికి తెరిచినప్పటి ఆ మెత్తదనం వరం కూడా.

1930ల మొదట్లో 6.5×9 హ్యాండ్ కెమెరాలు చేసిన జపాన్ తయారీదారుల సరుకులో ఈ పేర్లను వెతకండి. సాధారణంగా 105 మిల్లీమీటర్ల లెన్స్, జర్మనీలో చేసిన కోంపూర్ అనే షట్టర్. ఆ కొలత పలకకు అది సహజమైన చూపు, కంటికి అలవాటైన దూరాలే బొమ్మలో కనిపిస్తాయి.

నిఫ్కాలెట్: కెమెరా కంటే కథ పెద్దది

తషిమా కజువో 1928 నవంబరులో స్థాపించిన నిచిదోకు షషింకి షోతెన్ పేరులోనే జపాన్, జర్మనీ రెండూ ఉన్నాయి. నిచి అంటే జపాన్, దోకు అంటే జర్మనీ. విల్లీ హైలెమాన్, బిల్లీ నాయ్‌మాన్ అనే ఇద్దరు జర్మన్లు పనిలో తోడ్పడ్డారు. 1929 మార్చిలో వచ్చిన నిఫ్కాలెట్ వారి మొదటి కెమెరా, 127 రీలు మీద 4×6.5 బొమ్మలు తీస్తుంది, లెన్సూ షట్టరూ జర్మనీవే. 1931లో సంస్థ మోల్టాగా మారింది, 1933లో కెమెరాల మీద మినోల్టా అన్న పేరు కనిపించింది. ఒక పెద్ద వంశం మొదటి బిడ్డ ఇది.

వాడకానికి మాత్రం దీన్ని సలహా ఇవ్వలేను. 127 రీలు దొరకడం కష్టం, లెన్స్ మామూలుది, మిగిలి ఉన్నవి తక్కువ కాబట్టి ధర ఎక్కువ. అద్దాల బీరువాలో పెట్టుకుని రోజూ చూసుకోవాలనుకునేవారికి దీన్ని మించింది లేదు.

డాగోర్

ఎమిల్ ఫాన్ హోయెగ్ 1892లో బెర్లిన్‌లోని గోయెర్జ్ సంస్థకు ఇచ్చిన డాగోర్‌లో మూడేసి కటకాలు అతికించిన రెండు గుంపులు ఉంటాయి. గాలికి తగిలే ఉపరితలాలు నాలుగే కాబట్టి, పూత లేని కాలంలో అది టెస్సార్ కంటే నిగనిగలాడే నలుపు ఇస్తుంది. ఎదురు వెలుతురులో ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. ముందు గుంపు తీసేసి వెనుక గుంపుతోనే తీస్తే ఎక్కువ నాభ్యంతరం ఉన్న, అంటే దూరపువాటిని దగ్గరగా చూపే లెన్స్‌లా పనిచేస్తుంది. కానీ నాలుగు అతుకులు అంటే నాలుగు చోట్ల విడిపోయే ప్రమాదం. 1926లో గోయెర్జ్ సంస్థ జైస్ ఐకాన్‌లో కలిసిపోయింది, కాబట్టి బెర్లిన్ అని చెక్కిన డాగోర్ సాధారణంగా అంతకుముందుదే. పెద్ద పలక కెమెరాతో, స్టాండు మీద, తొందర లేకుండా తీసేవారికి ఇది సరిపోతుంది. చేతిలో పట్టుకుని వీధిలో తిరిగేవారికి ఎఫ్ 6.8 తక్కువే.

ఇంకో దారి: జర్మన్ విద్య, జపాన్ చేయి

నిప్పన్ కోగకు సంస్థ (ఇప్పటి నికాన్) 1917లో ఏర్పడింది. 1921లో ఎనిమిది మంది జర్మన్ నిపుణులను రప్పించుకుంది. వారిలో హైన్‌రిచ్ ఆఖ్ట్ 1928 దాకా ఉండి లెన్స్‌ల గణన నేర్పాడు. ఆయన వెళ్లాక సునయామా అనే జపాన్ నిపుణుడు మెరుగుపరచిన 12 సెంటీమీటర్ల ఎఫ్ 4.5 ఎనీటార్ 1929 నాటికి టెస్సార్ పక్కన నిలబడగలిగింది. 1932 నుంచి ఆ కుటుంబం నిక్కోర్ పేరు పెట్టుకుంది. 1931లో కొనిషిరొకు 10.5 సెంటీమీటర్ల ఎఫ్ 4.5 హెక్సార్ తెచ్చింది, అదీ టెస్సార్ తరహాదే.

జర్మన్ లెన్స్ కోసం వెతుకుతున్నవారికి వీటిని ఎందుకు చూపిస్తున్నానంటే, ఆ గొప్పతనం ఎలా చేతులు మారిందో ఈ లెన్స్‌లలోనే కనిపిస్తుంది. మీకు కావలసింది జర్మన్ లెన్స్ పనితనమైతే, మంచి స్థితిలో ఉన్న హెక్సార్ ఆ పని చేస్తుంది. కొనిషిరొకు పెర్ల్ శ్రేణిలో 6×9 రీలు కెమెరాల మీద దాన్ని వెతకండి. 120 రీలు వాడుకోవచ్చు కాబట్టి ఫిల్ము చిక్కు కూడా తీరుతుంది.

మరి మీకు ఏది?

తరచూ ఫొటోలు తీయాలనుకునేవారు 120 రీలు పెర్ల్‌తో మొదలుపెట్టండి. దానికి జర్మన్ లెన్స్ ఉన్నది దొరికితే అదృష్టం, హెక్సార్ ఉన్నది దొరికితే బెంగ వద్దు.

నిదానంగా, ఒక్కో బొమ్మకు అరగంట పెట్టే ఓపిక ఉన్నవారికి 6.5×9 పలక కెమెరా, రేడియోనార్ లేదా ట్రినార్, కోంపూర్ షట్టర్. కెమెరాతోపాటు ఒక్కో పలకను వెలుగు తగలకుండా పట్టి ఉంచే దాని సొంత పలకల పెట్టెలు కనీసం మూడు ఉండేలా చూడండి. వేర్వేరు తయారీదారుల పెట్టెల గాడి వెడల్పులు ఒకదానికొకటి కుదరవు. అవి లేకుండా కెమెరా ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. మొదట్లో ఫిల్ము బదులు ఫొటో కాగితాన్ని కత్తిరించి పెట్టి, ఎర్రదీపం కింద కడిగి సాధన చేయవచ్చు.

సేకరించేవారికి టెస్సార్ ఉన్న లిలీ, లేదా నిఫ్కాలెట్. ఇక్కడ గాజు స్థితి కంటే జత అసలుదా కాదా అన్నదే ముఖ్యం.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉండేవారికి ఒక మాట. తేమ గాలిలో ఫంగస్ త్వరగా పాకుతుంది, అతుకు ఉన్న లెన్స్‌లో అది దూరితే తుడవడానికి వీలుండదు. మీకు మూడు కటకాల లెన్స్ మేలు. దాన్ని తోలు సంచిలో దాచకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, నెలకోసారి వెలుతురులోకి తీయండి.

అమ్మకపు పేజీ చదవడం

పేరు జర్మన్‌లా వినిపించినంత మాత్రాన లెన్స్ జర్మన్‌ది కాదు. కొరోనార్, ప్రోమార్, టెరియోనార్ లాంటి పేర్లు జపాన్ కెమెరాల మీద పెట్టినవి. మోల్టా కెమెరాల కొరోనార్‌ను చేసింది ఆ దేశపు అసాహి కోగకు. ఊరి పేరు చూడండి: యేనా, క్రాయిత్స్‌నాఖ్, మ్యూనిక్, గోర్లిట్జ్, బెర్లిన్. జర్మన్ చెక్కడంలో దశాంశానికి చుక్క బదులు కామా ఉంటుంది, 4.5ను 4,5 అని రాస్తారు.

షట్టర్ వయసు కూడా లెన్స్‌తో కలవాలి. మ్యూనిక్‌లో ఫ్రీడ్రిచ్ డెకెల్ సంస్థ 1912లో తెచ్చిన కోంపూర్‌లో మొదట పైన చిన్న చక్రం తిప్పి వేగం పెట్టేవారు. 1920ల చివరి నుంచి అంచు వలయం తిప్పే రకం వచ్చింది. సెకనులో 500వ వంతు ఉన్న కోంపూర్ రాపిడ్ 1930ల నడిమిది. 1920ల మొదటి లెన్స్ కోంపూర్ రాపిడ్‌లో కూర్చుని ఉంటే ఎవరో మార్చారన్నమాట. ఏ రకమైనా వేగాన్ని ముందు పెట్టుకుని ఆ తర్వాతే మీట లాగండి, మొరాయిస్తే నూనె మాత్రం వేయకండి.

జపాన్ నుంచి తెప్పించుకునేవారు ఈ నాలుగు మాటలు గుర్తుపట్టగలగాలి. కబి అంటే ఫంగస్, కుమోరి అంటే మసక, బారుసాము గిరె అంటే అతుకు విడిపోవడం, జంకు అంటే హామీ ఏమీ లేని సరుకు. కుమోరి కొంచెం ఉందంటే మూడు కటకాల లెన్స్ విషయంలో ధైర్యం చేయవచ్చు. బారుసాము గిరె అని రాసిన డాగోర్‌ను ముట్టుకోవద్దు. జంకు అన్నవాటిలో పరీక్షించని మంచి కెమెరాలు కూడా ఉంటాయి, కానీ తిత్తికి చిల్లులు ఉన్నాయేమో చీకట్లో లోపల చిన్న దీపం పెట్టి తీసిన ఫొటో అడగండి. లెన్స్‌ను ముందు నుంచి, వెనుక నుంచి, వెలుతురుకు ఎత్తి పట్టి తీసిన మూడు ఫొటోలు కూడా అడగండి. వెనుక కటకం చూపించనివారి దగ్గర డబ్బు కట్టకండి.